జడ్జి అభ్యర్థి మనసులో మాట

2023 జనవరిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో నలుగురు అభ్యర్థులు ఒకే వేదిక మీద కూర్చున్నారు. పోటీ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఖాళీ కాబోతున్న ఒకే ఒక్క కుర్చీకి. శాసనసభ నియోజకవర్గాల సరిహద్దుల గురించి ప్రశ్న వచ్చినప్పుడు మిల్వాకీ కౌంటీ జడ్జి జానెట్ ప్రొటసేవిచ్ నీళ్లు నమలలేదు. అవి రిగ్గింగ్ చేసిన పటాలని మొహమాటం లేకుండా చెప్పేశారు.

మనకు రిగ్గింగ్ అంటే బూత్‌లోకి చొరబడి బ్యాలెట్ కాగితాల మీద గుద్దేయడం. ఆమె చెప్పిన రిగ్గింగ్‌లో బూత్ జోలికి ఎవరూ పోరు. పటం మీద గీత గీసేటప్పుడే పని అయిపోతుంది. ఎదుటి పార్టీ ఓటర్లను కొన్ని నియోజకవర్గాల్లో కుక్కి, మిగిలినవాళ్లను పలుచగా చల్లేస్తే చాలు. 2022 నవంబరులో ఆ రాష్ట్ర గవర్నరుగా డెమొక్రాట్ టోనీ ఎవర్స్ మూడు శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచారు. అదే రోజు, అదే ఓటర్లు వేసిన ఓట్లతో దిగువ సభలోని 99 సీట్లలో 64 రిపబ్లికన్లకు వెళ్లాయి. కాబట్టి ఆమె మాటలో పస లేకపోలేదు. చిక్కంతా వేరేచోట ఉంది. ఆ పటాల మీద దావా పడితే తీర్పు చెప్పాల్సింది ఆమె చేరబోయే కోర్టే. వాదనలు వినకముందే జడ్జి అభిప్రాయం ఊరంతా తెలిసిపోతే, ఓడినవాడు ఆ తీర్పును ఎలా నమ్ముతాడు? దీనికి ఎదురు ప్రశ్న కూడా అంతే గట్టిది. ఓటు అడగడానికి వచ్చిన మనిషి మనసులో మాట చెప్పకపోతే ఓటరు దేన్ని చూసి వేయాలి?

ఈ రెండు ప్రశ్నల మధ్య అమెరికా రాష్ట్రాలు ఏళ్ల తరబడి కొట్టుమిట్టాడుతున్నాయి.

మనకు ఇదంతా వింతగానే ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి ఢిల్లీలోని సుప్రీంకోర్టు దాకా ఎక్కడా జడ్జికి ఓటేసే పని మనకు లేదు. కిందివాళ్లు పరీక్ష రాసి వస్తారు, పైవాళ్లను సీనియర్ న్యాయమూర్తుల కొలీజియం సిఫారసు చేస్తుంది. అమెరికాలోనూ కేంద్ర స్థాయి కోర్టుల్లో ఎన్నికలుండవు. అధ్యక్షుడు పేరు చెప్తాడు, సెనేట్ ఒప్పుకుంటుంది, ఆ తర్వాత జీవితాంతం పదవే. అయితే అక్కడ ప్రతి రాష్ట్రానికీ తనదైన కోర్టుల వ్యవస్థ ఉంది. విడాకులు, హత్యలు, అద్దె తగాదాలు, రోడ్డు ప్రమాదాలు, అన్నీ అత్యధికంగా ఆ కోర్టుల్లోనే తేలుతాయి. దాదాపు 38 రాష్ట్రాల్లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏదో ఒక రూపంలో ప్రజల ఓటును ఎదుర్కోవాల్సిందే.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. జడ్జీలందరినీ ఎన్నుకోవడం 1832లో మిసిసిపీ మొదలుపెట్టింది. 1846లో న్యూయార్క్ కొత్త రాజ్యాంగం అదే దారి పట్టాక మిగతా రాష్ట్రాలూ వరస కట్టాయి. అప్పటిదాకా గవర్నర్లు, శాసనసభలు తమవాళ్లకు పదవులు పంచుకునేవారు. ఆ నాయకుల పట్టు నుంచి జడ్జిని విడిపించాలంటే జనమే ఎన్నుకోవాలన్నారు. అంటే జడ్జికి స్వతంత్రత ఇవ్వడానికే ఎన్నిక పెట్టారు. నేడు ఆ స్వతంత్రతను కాపాడాలంటే ఎన్నిక తీసేయాలని వాదించేవాళ్లు ఎక్కువ.

రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో జడ్జి అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు బాహాటంగా ఉంటుంది. విస్కాన్సిన్, మినెసోటాల్లో పార్టీ పేరు ఉండకూడదు. అయినా ఎవరు ఎవరి మనిషో పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టుకు పోటీ ఉండదు. ఉన్న న్యాయమూర్తిని కొనసాగించాలా వద్దా అని మాత్రమే ఓటరును అడుగుతారు. విజయవాడ అమ్మాయి జయ బాడిగను 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించినప్పుడు మన పత్రికలన్నీ సంబరంగా రాశాయి. గవర్నర్ నియామకం ద్వారా వచ్చినా ఆ కోర్టు జడ్జి పదవి కూడా ఎన్నికకు లోబడినదేనన్న సంగతి ఆ సంబరంలో పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఇక హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటేయబోయిన మనవాళ్లకు బ్యాలెట్ మీద అధ్యక్షుడు, సెనేటర్ అయ్యాక వరసగా జడ్జీల పేర్లు కనబడతాయి. ఒకటి రెండు కాదు, పేజీలకు పేజీలు. ఒక్కరి ముఖం కూడా తెలియదు.

అక్కడ ఓటరుకు అభ్యర్థి అభిప్రాయం తెలియాలి. చాలాకాలం చట్టం దానికే అడ్డుపడింది.

మినెసోటాలో ఒక నియమం ఉండేది. వివాదంలో ఉన్న న్యాయపరమైన, రాజకీయపరమైన విషయాల మీద జడ్జి అభ్యర్థి తన అభిప్రాయం ప్రకటించకూడదు. గ్రెగరీ వెర్సల్ అనే న్యాయవాది 1996లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పదవికి పోటీకి దిగి, నేరాలు, సంక్షేమం, అబార్షన్ లాంటి విషయాల్లో ఆ కోర్టు ఇచ్చిన తీర్పులు తప్పని కరపత్రాలు పంచారు. ఆయన మీద ఫిర్యాదు పడింది. అది కొట్టేసినా, లైసెన్సు పోతుందేమోనన్న బెంగతో పోటీ నుంచి తప్పుకున్నారు. 1998లో మళ్లీ దిగి, ఈసారి ఆ నియమం మీదే దావా వేశారు. 2002 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆయన పక్షాన నిలిచింది. ఎన్నిక పెట్టి అభ్యర్థి నోరు కట్టేయడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంది.

ఆ తీర్పు రాసిన ఆంటొనిన్ స్కేలియా నిష్పాక్షికత అనే మాటను మూడు ముక్కలుగా విడగొట్టారు. ఒకటి, కక్షిదారుల్లో ఒకరి మీద ప్రేమ, మరొకరి మీద పగ లేకపోవడం. అది జడ్జికి తప్పనిసరి. రెండోది, చట్టం విషయంలో ముందస్తు అభిప్రాయమే లేకపోవడం. అది సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. ముప్పై ఏళ్లు లా చదివి, వాదించి, రాజ్యాంగం గురించి ఏ అభిప్రాయమూ ఏర్పడని మనిషి ఉంటే అతన్ని జడ్జిని చేయడమే పొరపాటు. మూడోది, అభిప్రాయం ఉన్నా ఎదుటివాడి వాదనకు మారగలిగే మనసు. ఈ మూడోదాని గురించి వాదన ఇప్పటికీ ఆగలేదు. నలుగురి ముందు మైకు పట్టుకుని చెప్పిన మాటను, తర్వాత వాదనలు విని మార్చుకునేవాళ్లు ఎందరు? రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన భిన్నాభిప్రాయ తీర్పులో జడ్జి ఎన్నికను శాసనసభ్యుడి ఎన్నికతో ఒకే గాటన కట్టొద్దన్నారు. మెజారిటీతో కలిసి ఓటేసిన సాండ్రా డే ఓకానర్ కూడా ఈ ఎన్నికల పట్ల తన అసంతృప్తిని విడిగా రాసి పెట్టారు. పదవీ విరమణ తర్వాత ఊరూరా తిరిగి జడ్జి ఎన్నికలు వద్దని ప్రచారం చేశారు.

అభిప్రాయం చెప్పొచ్చు గానీ హామీ ఇవ్వకూడదు. ఈ గీత మాత్రం మిగిలింది. అబార్షన్ హక్కును నేను నమ్ముతాను అనొచ్చు. ఫలానా కేసు వస్తే ఇలా తీర్పిస్తాను అనకూడదు. గీత సన్నటిదే. ఆ సన్నటి గీత మీద నడిచే విద్యను అక్కడి అభ్యర్థులు బాగా నేర్చుకున్నారు. ప్రొటసేవిచ్ అబార్షన్ మీద తన సొంత విలువలు చెప్పి, తీర్పు మాత్రం చట్టాన్ని బట్టే ఉంటుందని కలిపేవారు. తుది పోరులో ఆమె ప్రత్యర్థి డేనియల్ కెల్లీ అంతకు ముందు అదే కోర్టులో న్యాయమూర్తి. నాకు రాజకీయం లేదు, రాజ్యాంగం రాసిననాడు ఏ అర్థముందో అదే చెప్తాను అన్నది ఆయన పద్ధతి. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. అయితే ఆయన రిపబ్లికన్ పార్టీకి న్యాయసలహాలు ఇచ్చి ఫీజు పుచ్చుకున్నవారు, అబార్షన్‌ను వ్యతిరేకించే సంఘాలు ఆయనకు మద్దతు ప్రకటించాయి. మాట్లాడిన ఆమె, మాట్లాడని ఆయన, ఇద్దరి సంగతీ ఓటరుకు ఒకేలా అర్థమైంది. నన్నడిగితే ఆమె పద్ధతి కాస్త నిజాయితీ గలది. లోపలున్నదే బయట పెట్టింది.

ఇక్కడ కొంచెం ఆగి, జడ్జి తాత్వికత అనే పెద్ద మాట వెనక ఏముందో చూడాలి. తాతగారు 1950లో వీలునామా రాశారనుకోండి. పెరటికి ఆనుకుని ఉన్న స్థలం పెద్దవాడికి, మిగతాది చిన్నవాడికి. తర్వాత పెరటికీ ఆ స్థలానికీ మధ్య పంచాయతీ రోడ్డు పడింది. ఇప్పుడా స్థలం ఎవరిది? ఒక పెద్దమనిషి అంటాడు: 1950లో ఈ ఊళ్లో ఆనుకుని అంటే ఏ అర్థంలో వాడేవారో అదే లెక్క, కొత్త అర్థాలు వద్దు. అమెరికాలో ఒరిజినలిజం అనేది ఈయన లాంటిదే. ఇంకొకాయన అంటాడు: తాత మనసులో ఏముందో మనకెందుకు, కాగితం మీద ఏ అక్షరముందో చూడండి, నిఘంటువు తీయండి. ఇది టెక్స్చువలిజం. ఈ ఇద్దరూ తరచూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. మూడో ఆయన అంటాడు: తాతకు కావలసింది ఇద్దరు కొడుకులూ బతకడం, రోడ్డు పడిందని ఒకణ్ని వీధిన పడేస్తామా, రాసినదాని ఉద్దేశాన్ని నేటి పరిస్థితికి అన్వయించాలి. దీన్ని సజీవ రాజ్యాంగం అంటారు.

ముగ్గురూ వీలునామాకు కట్టుబడేవాళ్లే. ముగ్గురూ నిజాయితీగా వేర్వేరు తీర్పులు ఇవ్వగలరు. ఎన్నికల ప్రచారంలో ఈ సంగతి కనబడదు. అక్కడ మొదటి ఇద్దరి పేరు కన్సర్వేటివ్, మూడోవాడి పేరు లిబరల్. టీవీ ప్రకటనలో ఒకరు చట్టాన్ని రక్షించేవారు, మరొకరు కోర్టులో కూర్చుని చట్టాలు చేసేవారు.

ఈ పేర్లు ఎంత నమ్మదగినవో ఆ ఎన్నిక తర్వాత తేలింది. 2023 ఏప్రిల్ 4న ప్రొటసేవిచ్ సుమారు 11 శాతం ఆధిక్యంతో గెలిచారు. ఏడుగురు సభ్యుల కోర్టులో లిబరల్ పక్షం నలుగురైంది. ఆమె ఆగస్టు 1న ప్రమాణం చేశారు, మర్నాడే పటాల మీద దావా పడింది. విచారణ నుంచి తప్పుకోవాలని, లేదంటే అభిశంసన పెడతామని రిపబ్లికన్ సభాపతి బెదిరించారు. ఆమె తప్పుకోలేదు, అభిశంసనా జరగలేదు. డిసెంబరు 22న 4-3తో కోర్టు పటాలను కొట్టేసింది.

ఇంతవరకు అందరూ ఊహించిందే. కొట్టేయడానికి కోర్టు చెప్పిన కారణమే ఎవరూ ఊహించనిది. పార్టీ పక్షపాతం గురించి ఆ తీర్పు పట్టించుకోలేదు. రిగ్గింగ్ అన్న మాట తీర్పుకు ఆధారం కాలేదు. 1848 నాటి రాష్ట్ర రాజ్యాంగంలో నియోజకవర్గం ఒకదానికొకటి ఆనుకుని ఉన్న భూభాగంగా ఉండాలని రాసి ఉంది. పట్టణాలు పక్క పల్లెల భూముల్ని అక్కడక్కడా కలుపుకుంటూ పోవడంతో 99 దిగువ సభ నియోజకవర్గాల్లో కనీసం 50, 33 సెనేట్ స్థానాల్లో కనీసం 20, విడివిడి దీవులుగా ముక్కలై ఉన్నాయి. ఆనుకుని అంటే తాకుతూ ఉండాలి, దూరంగా ఉన్న ముక్కను ఆనుకుని ఉందని ఎవరూ అనరు అంది కోర్టు. అంటే లిబరల్ మెజారిటీ మన రెండో పెద్దమనిషిలా నిఘంటువు తీసింది. ముగ్గురు కన్సర్వేటివ్‌లేమో, ఏళ్లుగా ఇలాగే సాగుతోంది, నిన్నగాక మొన్న మనమే ఒప్పుకున్న పటాలివి, న్యాయమూర్తి మారగానే మళ్లీ తవ్వడమేంటి అని అభ్యంతరం చెప్పారు. 2024 ఫిబ్రవరిలో కొత్త పటాలు చట్టమయ్యాయి. ఆ నవంబరులో దిగువ సభలో రిపబ్లికన్ల బలం 64 నుంచి 54కు దిగింది.

అబార్షన్ కేసులో పాత్రలు తిరగబడ్డాయి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దేశవ్యాప్త అబార్షన్ హక్కును రద్దు చేశాక, విస్కాన్సిన్‌లో 1849 నాటి చట్టం ఒకటి మళ్లీ లేచి కూర్చుంది. అది అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధిస్తోందని భావించి ఆస్పత్రులు ఆపేశాయి. 2025 జూలై 2న అదే 4-3తో కోర్టు ఆ చట్టం చెల్లదంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కానీ తర్వాతి దశాబ్దాల్లో అబార్షన్ ఎప్పుడు, ఎలా చేయాలో చెప్పే చట్టాలు ఇన్ని వచ్చాక పాతది పోయినట్టే లెక్క అన్నది మెజారిటీ వాదన. ఈసారి అక్షరం పట్టుకున్నది కన్సర్వేటివ్‌లు. రద్దు చేస్తున్నామని శాసనసభ ఎక్కడ రాసింది, చూపించండి అని అడిగారు.

ఒక కేసులో నిఘంటువు లిబరల్ చేతిలో ఉంది, మరో కేసులో కన్సర్వేటివ్ చేతిలో. ఈ రెండు తీర్పుల్లోనూ ఏ ఒక్క న్యాయమూర్తీ తన పక్షం కోరుకునే ఫలితానికి ఎదురు వెళ్లలేదు. నాకు ఈ రెండో సంగతే ఎక్కువ గుచ్చుకుంటుంది. తాత్వికత అన్నది దారి చూపించే దీపం అయితే, అది ఎప్పుడో ఒకప్పుడు మనకు ఇష్టంలేని ఊరికి కూడా తీసుకెళ్లాలి కదా. స్కేలియా విషయంలో అలా ఒకసారి జరిగింది. 1989లో జాతీయ జెండా తగలబెట్టిన నిరసనకారుడి కేసులో ఆయన ఓటుతోనే 5-4తో ఆ పని నేరం కాదని తేలింది. జెండా కాల్చినవాణ్ని తానైతే జైల్లో వేసేవాణ్నని ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. రాజ్యాంగం ఒప్పుకోలేదు కాబట్టి వేయలేదు. ఆయన మిగతా తీర్పుల మీద ఎంత కోపమున్నా, ఈ ఒక్కదాన్ని కాదనలేం.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. పశ్చిమ వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ 5 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టాలని తీర్పు పడింది. ఆ అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి ఉండగా, 2004లో ఆ కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ ఒక న్యాయమూర్తి అభ్యర్థి గెలుపు కోసం 30 లక్షల డాలర్లు ఖర్చు పెట్టారు. అభ్యర్థి బ్రెంట్ బెంజమిన్ గెలిచారు. కేసు వచ్చింది. తప్పుకోమంటే ఆయన తప్పుకోలేదు. 3-2తో ఆ నష్టపరిహారం ఎగిరిపోయింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఇది న్యాయ ప్రక్రియకే విరుద్ధమని తేల్చింది, అది కూడా 5-4తో. అంటే తొమ్మండుగురిలో నలుగురికి ఇందులో రాజ్యాంగపరమైన తప్పేమీ కనబడలేదు.

తర్వాతి ఏడాది, 2010లో, విస్కాన్సిన్ కోర్టు తనకు తాను ఒక నియమం పెట్టుకుంది. ప్రచారానికి చందా ఇచ్చినంత మాత్రాన జడ్జి తప్పుకోనక్కర్లేదని. ఆ మాటల్ని రాసి ఇచ్చినవి వ్యాపార సంఘాలు. 2017లో 54 మంది రిటైర్డ్ జడ్జీలు కలిసి, ఇంత మొత్తం దాటితే తప్పుకోవాలనే హద్దు పెట్టమని అర్జీ పెట్టుకుంటే కోర్టు 5-2తో తోసిపుచ్చింది. అప్పుడు అక్కడ పైచేయి కన్సర్వేటివ్‌లది. 2023లో ప్రొటసేవిచ్‌కు డెమొక్రాటిక్ పార్టీ కోటి డాలర్ల దాకా ఇచ్చినప్పుడు ఆ నియమమే ఆమెకు గొడుగైంది. పార్టీ నేరుగా వేసే కేసుల నుంచి తప్పుకుంటానని ఆమె చెప్పారు. పటాల కేసు వేసింది మాత్రం పార్టీ కాదు, ఓటర్లు. తాము తవ్విన గోతిలో పడ్డవాళ్ల మీద జాలి చూపడం కష్టమే గానీ, గొయ్యి గొయ్యే.

ఆ ఎన్నికలో మొత్తం ఖర్చు 5 కోట్ల డాలర్లు దాటితే నోరెళ్లబెట్టారు. అదే కోర్టుకు 2025 ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికలో 10 కోట్లు దాటింది. ఇలాన్ మస్క్ ఒక్కరే, తన సంఘాలతో కలిపి, 2 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించారు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు గ్రీన్ బేలో సభ పెట్టి ఇద్దరు ఓటర్లకు తలో 10 లక్షల డాలర్ల చెక్కు ఇచ్చారు. ఓటుకు నోటు గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు గానీ, ఇంత పెద్ద నోటు మన నేల మీద కూడా చూడలేదు. అప్పటికే డీలర్‌షిప్‌ల విషయంలో ఆయన కంపెనీ టెస్లా ఆ రాష్ట్రం మీద దావా వేసి ఉంది. ఆయన బలపరచిన బ్రాడ్ షిమెల్ ఓడారు. డేన్ కౌంటీ జడ్జి సూసన్ క్రాఫర్డ్ 10 శాతం ఆధిక్యంతో గెలిచారు. ఆమెకూ కోటీశ్వరుల చందాలు తక్కువేమీ రాలేదు. ఆ ప్రచారంలో ఇద్దరు అభ్యర్థుల న్యాయదృష్టి గురించి ఎంత విన్నారో, మస్క్ గురించి అంతకు పదింతలు విన్నారు.

గెలవడానికి అభిప్రాయం పనికొచ్చినట్టే, ఓడించడానికీ పనికొస్తుంది. 1986లో కాలిఫోర్నియా ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌ను, ఆమెతోపాటు మరో ఇద్దరిని ఓటర్లు ఇంటికి పంపారు. తన ముందుకు వచ్చిన ఒక్క మరణశిక్షనూ ఆమె ఖాయం చేయలేదన్నది ప్రధాన ఆరోపణ. 2009లో అయోవా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు ఏకగ్రీవంగా అనుమతిస్తే, మరుసటి ఏడాది ఓటుకు వచ్చిన ముగ్గురు న్యాయమూర్తులూ పోయారు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో అయితే స్వపక్షమే వేటు వేసింది. ఎన్నికల నేరాలపై రాష్ట్ర అటార్నీ జనరల్ తనంతట తానుగా కేసులు నడపలేరని 2021లో అక్కడి క్రిమినల్ అప్పీళ్ల కోర్టు 8-1తో తీర్పిచ్చింది. తొమ్మండుగురూ రిపబ్లికన్లే. అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ కూడా రిపబ్లికనే. 2024 మార్చి ప్రైమరీలో ఆయన పట్టుబట్టి ముగ్గురిని ఓడించారు. వారిలో దాదాపు 30 ఏళ్లుగా ఆ కోర్టులో ఉన్న ప్రధాన జడ్జి షారన్ కెల్లర్ కూడా ఉన్నారు. ఆ ఒక్క తీర్పే ముగ్గురి సీట్లూ లాగేసింది.

కింది కోర్టుల్లో ఈ భయం ఇంకా నిశ్శబ్దంగా పనిచేస్తుంది. పెన్సిల్వేనియా ట్రయల్ జడ్జీల తీర్పులు 22 వేలకు పైగా పరిశీలించి ఇద్దరు రాజనీతి పరిశోధకులు 2004లో ఒక సంగతి బయటపెట్టారు. జడ్జికి ఎన్నిక దగ్గరపడే కొద్దీ శిక్షలు పెరుగుతాయి. ఎన్నిక ముందు నెలల్లో శిక్ష పడిన ముద్దాయి, అదే నేరానికి రెండేళ్ల ముందు శిక్ష పడినవాడి కంటే ఎక్కువ కాలం జైల్లో ఉంటాడు. ముద్దాయికి ఆ క్యాలెండర్‌తో ఏం సంబంధం?

అలాగని మన పద్ధతి మేలని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోలేం. జడ్జి అభిప్రాయాలు మన దగ్గరా లెక్కలోకి వస్తాయి, లెక్క మాత్రం తలుపులు మూసుకుని వేస్తారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదన్న కేశవానంద భారతి తీర్పు 1973 ఏప్రిల్ 24న వచ్చింది. మర్నాడే ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను పక్కన పెట్టి ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించారు. కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం పార్లమెంటులో దాన్ని సమర్థిస్తూ, న్యాయమూర్తి దృక్పథం ఏమిటో ప్రభుత్వం చూసుకుంటుందని, చూసుకోవాలని బాహాటంగానే వాదించారు. ఆనాడు గగ్గోలు పుట్టింది. తర్వాతి ప్రభుత్వాలు అదే పని మాట్లాడకుండా చేయడం నేర్చుకున్నాయి.

జడ్జి తాత్వికత ఎన్నికల బరిలోకి దిగిన సందర్భాలు కూడా మనకున్నాయి. వాటిలో రెండు తెలుగువాళ్లవే. రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరిలో 6-5తో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదన్నారు. ఏప్రిల్‌లో రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడారు. తీర్పు చెప్పినప్పుడు ఆయన మనసులో ఈ పోటీ ఉందా అన్న అనుమానం అప్పట్లో చాలామందికి వచ్చింది. ఉందని ఎవరూ రుజువు చేయలేదు, కానీ అనుమానం రావడమే నష్టం. 2025లో ఉపరాష్ట్రపతి పదవికి నిలబడ్డ రంగారెడ్డి జిల్లా వాసి జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డిది తిరగేసిన కథ. పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్లయినా, నక్సలైట్ల మీదకు దింపిన సల్వాజుడుం దళాల మీద 2011లో ఇచ్చిన తీర్పును హోంమంత్రి అమిత్ షా ప్రచారంలోకి లాగారు. ఆ తీర్పే లేకుంటే నక్సలిజం 2020కే అంతమయ్యేదన్నారు. అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు, ముందు పూర్తిగా చదవండి అని ఆయన బదులిచ్చారు. గిరిజన కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి పోరుకు తోలడం రాజ్యాంగం ఒప్పుకోదన్న ఆ తీర్పులోని వాదన మీద ఎన్నికల గోలలో ఎవరూ చర్చించలేదు. ఏ పక్షానికి లాభించిందన్నదే చర్చ అయింది. విస్కాన్సిన్‌లో జరిగింది కూడా ఇదే.

ఇన్ని చూశాక నా మటుకు నాకు రెండు సంగతులు స్పష్టంగా కనబడుతున్నాయి. ఎన్నిక అంటూ పెట్టాక అభ్యర్థి నోరు కట్టేయడం దండగ. కట్టేసిన నోటి నుంచి సంకేతాలు వస్తాయి, సంకేతాలు అర్థమయ్యేది పార్టీ జనానికే, మామూలు ఓటరుకు కాదు. రెండోది, ఏ చందాకు, ఏ మాటకు విచారణ నుంచి తప్పుకోవాలో ఆ జడ్జి చేతికే వదిలేయకూడదు. తన కేసులో తానే పంచాయితీ చెప్పుకునే పెద్దమనిషిని మన రచ్చబండ కూడా ఒప్పుకోదు. ఎవరు గెలుస్తారో తెలియని రోజున, ఎన్నికకు ముందే, ఆ హద్దు గీసి పెట్టాలి. 54 మంది రిటైర్డ్ జడ్జీలు అడిగింది అదే.

అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లకు ఒక మాట. జడ్జీల పేర్ల దగ్గరకు వచ్చేసరికి విసుగొచ్చి పార్టీ పేరు చూసి గీసేయకండి. అభ్యర్థులు ఊళ్లో సభ పెడితే వెళ్లండి, లేదా ఈమెయిలు రాయండి. అబార్షన్ మీద, తుపాకుల మీద అభిప్రాయం అడిగితే తయారుగా ఉన్న జవాబే వస్తుంది. దాని బదులు ఈ ఒక్క ప్రశ్న వేయండి: మీకు వ్యక్తిగతంగా నచ్చకపోయినా, చట్టం అలా ఉంది కాబట్టి ఇచ్చిన తీర్పు ఒకటి చెప్పండి. కేసు పేరు, సంవత్సరంతో సహా చెప్పగలిగినవాళ్లకే ఓటు వేయండి.